ఎముక కంటె ముందు వ్రేళ్లు

వేసవి సెలవులును, సంక్రాంతికి గాలిపటములెగురవేయు దినములును ఎముకల వైద్యునికి మోచేతుల ఋతువులు. జామకొమ్మ నుండియో పిట్టగోడ నుండియో జాఱిన బిడ్డ ముఖమును కాచుకొనుటకై చేయి చాచి నేలనానగా, మోచేయి వెనుకకు సాగి, ముంజేతి ఎముక కొన గునపమువలె మీటగా, ముందొక గుంటయు వెనుకనొక గుంటయు నుండి నడుమ మిక్కిలి పలుచబడిన తావున భుజాస్థి విఱుగును. ఐదు మొదలు ఏడేండ్ల ప్రాయము వారి మోచేతులలో అన్నిటికంటె తఱచుగా కనబడు భంగమిదియే.

"ఎముక అతుక్కుంటుందా డాక్టరు గారూ?" అని తల్లిదండ్రులు మొట్టమొదట అడుగుదురు. అతుకుకొనును. ఆ వయస్సున మూడు నాలుగు వారములలో ఎముక అతుకుకొనుట వైద్యుని ప్రజ్ఞ కాదు, బాల్యము యొక్క మహిమ. నా చింత వేఱు. విఱిగిన కొనను ఆనుకొని ముందువైపుననే చేతికి రక్తము కొనిపోవు ధమనియు, నరములును దిగుచున్నవి. కావున ఎక్స్‌రే చూడక మునుపే మణికట్టు కడ నాడి పట్టుకొని, "ఏదీ నాన్నా, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టు" అందును. సున్న గుండ్రముగ వచ్చెనా, సరి. వ్రేళ్ల చివరి కణుపులు వంగక అది నలిగి కోలగా సాగెనా, ముంజేతి లోతున పోవు నరపుశాఖ యొకటి దెబ్బతిన్నదని తెలియును. ఈ సంగతి శస్త్రచికిత్సకు ముందే కేసుషీటుపై వ్రాయవలెను. లేనిచో, నరమును నొప్పించినది విఱిగిన ఎముకయో, ఎముకను నిలుపుటకై వైద్యుడు దింపిన తీగయో తరువాత ఎవరును తేల్చలేరు.

జర్మనీ దేశమున హాలే నగరపు శస్త్రవైద్యుడు రిచర్డ్ ఫోల్క్‌మన్ 1881లో, బిగుతు కట్టుల క్రింద రక్తప్రసారము నిలిచి కండరములు మృతినొంది, వ్రేళ్లు శాశ్వతముగ ముడుచుకొనిపోవు దుఃస్థితిని వర్ణించెను. (ఆయనయే రిచర్డ్ లియాండర్ అను మాఱుపేరున చిన్నపిల్లలకు ముచ్చటైన కథలు వ్రాసినాడన్న విషయము నాకు ఎప్పుడును విస్మయావహమే.) మన ప్రాంతమున పుత్తూరు కట్టుకు గల ఖ్యాతి నెఱుగనివారు లేరు, నాటు వైద్యులనెల్ల ఒక్క మాటతో తృణీకరించు అలవాటు నాకు లేదు. అయినను వాచుచున్న మోచేతికి బిగించిన కట్టు వెదురుబద్దలదైన నేమి, పెద్ద ఆసుపత్రిలో వేసిన పిండికట్టైన నేమి, లోపలి కండరమునకు ఆ భేదము తెలియదు.

పూర్వము, సరిచేసిన ఎముక మరల జాఱకుండుటకై మోచేతిని మిక్కిలిగ మడిచి కట్టుచుండిరి. వాచిన చేతిని అంతగా మడిచినచో ధమని నొక్కుకొనును, మడువకున్నచో ఎముక జాఱును. ఈ సంకటమును తీర్చినది కిర్ష్నర్ పేరిట ప్రసిద్ధమైన సన్నని ఉక్కుతీగ. బిడ్డకు మత్తునిచ్చి, చేతిని నెమ్మదిగ లాగి, సి-ఆర్మ్ అను ఎక్స్‌రే యంత్రపు తెరపై చూచుచు ఎముకను కుదిర్చి, వెలుపలి ప్రక్కనుండి రెండో మూడో తీగలు చర్మము గుండ దింపినచో, ఆపైన మోచేతిని లంబకోణమునకు తక్కువగనే వంచి, వదులుగ నుంచవచ్చును. ఎముకను నిలుపుట కంటె, చేతిని మడువనక్కఱ లేకుండ చేయుటయే దాని ఘనతయని నా అభిప్రాయము. లోపలి ప్రక్క తీగ వేయవలసి వచ్చినచో అచ్చటి నరము విషయమున భయభక్తులు అవసరము. వంకర నుండనిచ్చి, పెరిగినకొలది అదియే సరియగునని ఊరకుండరాదు. భుజాస్థి పెరుగుదలలో ఇంచుమించు ఐదింట నాలుగు పాళ్లు భుజము వైపుననే జరుగుటచే, మోచేతి కడ వంకరను దిద్దుకొను శక్తి మిక్కిలి స్వల్పము.

ఆసుపత్రికి తెచ్చులోపల చేతిని లాగక, తైలము రాయక, ఉన్న భంగిమలోనే కండువాతో మెడకు వ్రేలగట్టిన చాలును. బిడ్డ ఏడ్చుచున్నాడని త్రోవలో ఇడ్లీలు, పాలు పెట్టి తెచ్చువారు గలరు. కడుపు నిండిన పిల్లవానికి మత్తు నీయుటకు గంటల తరబడి వేచియుండవలెను.

ఆపరేషను పిదప వచ్చు రాత్రియే నాకు అసలు పరీక్ష. నొప్పి తగ్గవలసిన వేళ హెచ్చుచు, బిడ్డ కుదురులేక మాటిమాటికి మందడుగుచు, వ్రేళ్లను మెల్లగా చాచినంతనే కేక పెట్టినచో, తెల్లవారనిమ్మని చెప్పు వైద్యుని నేను క్షమింపజాలను. కట్టును చర్మము కనబడువఱకు తక్షణము విప్పవలెను. అప్పటికిని ఉపశమింపనిచో కండరముల పొరలను కోసి ఒత్తిడి తీయవలెను.

తీగలు తీసిన తరువాత మోచేయి బిగుసుకొనియుండుట సహజము. అప్పుడే అమ్మమ్మలు నూనెగిన్నెతో సిద్ధమగుదురు. బలవంతముగ తోమినచో కండరములో ఎముక పేరుకొని కీలు ఇంకను బిగియవచ్చును. "ఏమీ చెయ్యకండమ్మా. వాడి చొక్కా వాణ్ణే తొడుక్కోనివ్వండి, వాడి అన్నం వాణ్ణే తిననివ్వండి" అందును. మొన్న ఒక పెద్దావిడ ఇదంతయు సావధానముగ విని, "అయితే బాబూ, రేపట్నుంచి ట్యూషనుకు పంపొచ్చా?" అని అడిగినది. విఱిగినది ఎడమచేయి యగుటచే, పిల్లవాడు ఎంత దీనముగ చూచినను, పంపవచ్చునని చెప్పక తప్పలేదు.