నోరు తెరవాల్సింది గుర్రమే

గుర్రం నోట్లో కొరికే పళ్లకూ నమిలే పళ్లకూ మధ్య ఖాళీ ఉంటుంది. ముందు వైపు పైన ఆరు, కింద ఆరు పళ్లు గడ్డి కొరకడానికి. వెనక దవడల్లో వరసగా ఉన్నవి దాన్ని నూరడానికి. రెంటి నడుమ కొన్ని అంగుళాల మేర చిగుళ్లే. మగ గుర్రాలకు నాలుగైదేళ్ల వయసులో ఆ ఖాళీలోనే ముందు వైపుగా కోరల్లాంటి పళ్లు వస్తాయి, ఆడ గుర్రాల్లో చాలావాటికి రావు. కళ్లెంలోని ఇనుప కడ్డీ, అంటే బిట్, నిలిచేది ఇక్కడే. దాని ఒత్తిడి కొంత నాలుక మీద, కొంత చిగుళ్ల మీద పడుతుంది. ఆ చిగుళ్ల కింద దవడ ఎముక అంచు సన్నగా ఉంటుంది, పైన కండ ఉండదు. కళ్లెం గురించి ఏం చెప్పుకోవాలన్నా ఈ లేత చోటు దగ్గరే మొదలుపెట్టాలి.

ఎద్దుకు వేసే ముకుతాడుతో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. ముకుతాడు ఒకసారి వేస్తే అయిపోయింది. నలుగురు కలిసి ఎద్దును కదలకుండా పట్టుకుని ముక్కు కుట్టేస్తారు, తాడు ఇక అక్కడే ఉండిపోతుంది. కళ్లెం రోజూ తొడగాలి, రోజూ తీయాలి. 400 కిలోల జంతువు పొద్దున్నే తనంతట తాను తల దించి, పళ్లు విడదీస్తేనే ఆ పని సాగుతుంది. మొదటి రోజు బలవంతంగా తొడిగితే తొడగొచ్చు. మర్నాడు కళ్లెం కనబడగానే గుర్రం మెడ ఎత్తేస్తుంది, ఎత్తిన తల మనిషి చేతికి అందదు.

 కువైట్‌లో ఈ పని చూడాలంటే ఆరో రింగ్ రోడ్డు మీది హంటింగ్ అండ్ ఈక్వెస్ట్రియన్ క్లబ్బుకో, ఊరికి ఇంకా దూరంగా కబద్, జహ్రా వైపు ఉన్న గుర్రపుసాలలకో పోవాలి. రాయచోటి, రాజంపేట, కోనసీమల నుంచి వచ్చినవాళ్లు ఈ దేశంలో ఇళ్లలోనూ తోటల్లోనూ పనిచేస్తున్నారు, బండ్లు నడుపుతున్నారు. వాళ్లలో ఎవరికైనా గుర్రపుసాల పని అప్పజెప్పితే, ఊళ్లో పశువులను సాకిన అనుభవం చాలావరకు అక్కరకొస్తుంది. కళ్లెం దగ్గర మాత్రం కొత్తగా నేర్చుకోవాలి.

ఒకప్పుడు ఈ గల్ఫ్ తీరాల నుంచి గుర్రాలు సముద్రం మీదుగా మన దేశానికి వచ్చేవి. 16వ శతాబ్దపు పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్, విజయనగర రాజు ఏటా హర్ముజ్ గుర్రాలు 13,000 కొనేవాడని రాశాడు. 19వ శతాబ్దంలో కువైట్ రేవు నుంచే అరబ్బీ గుర్రాలు ఓడల్లో బొంబాయికి చేరేవి. గుర్రం వచ్చినంత తేలిగ్గా దాన్ని సాకే నేర్పు రాలేదు. 13వ శతాబ్దం చివర దక్షిణ భారత తీరం చూసిన మార్కోపోలో, దిగుమతైన గుర్రాలు సరిగా చూసుకునేవాళ్లు లేకనే ఎక్కువగా చచ్చిపోతున్నాయన్నాడు. ఆ నేర్పును తెలుగులోకి తెచ్చే ప్రయత్నమూ జరిగింది. మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం అనే గ్రంథం అందుకు సాక్ష్యం.

కళ్లెం చేతికి తీసుకోకముందే పశువైద్యుడు గుర్రం నోరు చూడాలి. నమిలే పళ్ల వరసకు ముందు కొన్ని గుర్రాలకు చిన్న పన్ను ఒకటి వస్తుంది, ఇంగ్లీషులో దాన్ని వుల్ఫ్ టూత్ అంటారు. బిట్ దానికి తగిలితే నొప్పి పుట్టవచ్చు, అందుకే చాలామంది ముందుగానే తీయిస్తారు. పై దవడ పళ్ల బయటి అంచులు అరుగుదలలో తేడా వల్ల కత్తుల్లా పదునెక్కి బుగ్గలను కోస్తాయి, వాటిని ఆకురాయితో రాయించాలి. పైగా పాలపళ్లు ఊడి గట్టి పళ్లు వచ్చే కాలం రెండున్నర నుంచి అయిదేళ్ల దాకా సాగుతుంది. కళ్లెం అలవాటు చేసే వయసూ చాలా గుర్రాలకు అదే. అప్పటిదాకా బాగున్న గుర్రం ఒక వారం హఠాత్తుగా మొండికేస్తే, పొగరెక్కిందని తీర్మానించే ముందు చిగుళ్లు చూడటం న్యాయం.

తరవాతి పని తాకడం. అప్పటికి గుర్రానికి తలకు కట్టే తాడు అలవాటై ఉండాలి, నడిపిస్తే నడవాలి, ఆపితే ఆగాలి. గుర్రానికి నుదుటికి సరిగ్గా ఎదురుగా, ముక్కు కింద ఉన్నవి కనబడవు. కాబట్టి మనిషి ఎదురుగా పోకుండా ఎడమ భుజం పక్కన నిలబడాలి. మెడ మీద మొదలుపెట్టి చెయ్యి మెల్లగా చెవుల వెనక్కి పోనివ్వాలి. చెవులు, చెంప, పెదవుల మూల, అన్నీ తాకించుకోవడానికి కొన్ని గుర్రాలకు ఒక్క పూట చాలు, కొన్నింటికి వారాలు పడుతుంది. తల దించడం కూడా ఇక్కడే నేర్పాలి. చెవుల వెనక అరచేయి ఆనించి కొద్దిగా నొక్కి ఉంచాలి. తల ఒక్క అంగుళం కిందికి దిగినా ఆ క్షణానే చెయ్యి తీసేయాలి. గుర్రానికి పాఠం చెప్పేది నొక్కడం కాదు, వదలడం. ఆలస్యంగా వదిలితే ఏ పనికి వదిలారో దానికి తెలియదు.

నోరు తెరిపించే తీరూ అంతే. బొటనవేలు పెదవుల మూల నుంచి పళ్లు లేని ఖాళీలోకి పోనిచ్చి, నాలుకను తాకితే చాలు, గుర్రం దవడ కదిలిస్తుంది. వేలు పళ్ల వైపు పోనివ్వకూడదు. ఇనుము లేకుండా ఈ అలవాటు కుదిరితే సగం పని అయిపోయినట్టే.

బిట్ ఎంపికలో కొత్త గుర్రానికి సాదా స్నాఫిల్ చాలు. అంటే నడుమ ఒకటో రెండో కీళ్లున్న కడ్డీ, రెండు కొసలా రింగులు. పగ్గం ఎంత లాగితే అంతే ఒత్తిడి పడుతుంది. పొడుగు చువ్వలున్న కర్బ్ బిట్‌లో మీట పనిచేస్తుంది, లాగిన దానికన్నా ఎక్కువ బలం నోటి మీద పడుతుంది. నేర్చుకుంటున్న గుర్రానికి దాన్ని తగిలించడం అన్యాయం. కొలత కోసం పెదవుల ఒక మూల నుంచి రెండో మూలకు నోట్లోంచి దారం పట్టి చూస్తే తెలిసిపోతుంది. దారానికన్నా కడ్డీ రెండు వైపులా కొద్దిగా పొడుగుండాలి. లావు కడ్డీ మెత్తనిదని చాలాకాలంగా నమ్మకం. కానీ అరబ్బీ గుర్రాల మూతి చిన్నది, నాలుక నోరంతా నిండుగా ఉంటుంది. అంత ఇరుకులో లావు ఇనుము నాలుకను నలిపేస్తుంది. కాబట్టి గుర్రం నోరు తెరిచి చూశాకే లావు నిర్ణయించాలి.

కువైట్‌లో ఇంకొకటి చూసుకోవాలి. 2016 జూలై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీల వేడి నమోదైంది, ఆసియాలో ధ్రువపడిన అత్యధిక ఉష్ణోగ్రత అదే. అలాంటి వేసవిలో ఎండలో కొక్కేనికి వేలాడిన ఇనుము నోటిని కాలుస్తుంది. ఒకసారి కాలిన గుర్రం ఇక ఆ కొక్కెం వైపు చెయ్యి పోయినా తల తిప్పుకుంటుంది. కళ్లెం నీడలో ఉంచాలి, తొడిగే ముందు బిట్‌ను నీళ్లలో ముంచి మణికట్టు లోపలి వైపు ఆనించి చూడాలి. జనవరి తెల్లవారుజామున ఎడారి చలికి అదే ఇనుము మంచులా ఉంటుంది, అప్పుడు అరచేతుల్లో వెచ్చబెట్టాలి.

మొదటిసారి తొడగడానికి ముక్కు పట్టీ, పగ్గాలు విప్పేసిన కళ్లెం తీసుకోవాలి. తలతాడును మూతి మీంచి తీసి మెడకు కట్టి ఉంచితే గుర్రం చేజారదు. మనిషి ఎడమ వైపు, గుర్రం తలకు కాస్త వెనగ్గా, గుర్రం చూసే వైపే చూస్తూ నిలబడతాడు. కుడి చెయ్యి గుర్రం దవడ కిందుగా పోయి అటు నుంచి ముక్కు దూలం మీదికి వచ్చి, కళ్లెం చెంప పట్టీలు రెంటినీ కలిపి పట్టుకుంటుంది. ఎడమ అరచేతిలో బిట్ వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. దాని మీద కొద్దిగా దిబ్స్, అంటే ఖర్జూరపు పాకం, రాస్తే గుర్రం నాలుకే దాన్ని వెతుక్కుంటుంది. బిట్‌ను పెదవులకు ఆనించి అక్కడే ఆపాలి, పళ్ల మీద కొట్టకూడదు. ఎడమ బొటనవేలు మూలలోంచి లోపలికి పోతుంది. దవడ విడుతుంది. అప్పుడు కుడి చెయ్యి పైకి లేస్తే కడ్డీ తనే ఖాళీలోకి జారుతుంది. తల పట్టీని ముందు ఒక చెవి, తరవాత రెండో చెవి మెల్లగా ముందుకు వంచి దాటిస్తారు. చివరికి నుదుటి జుట్టును పట్టీ కిందనుంచి బయటికి తీయాలి. అది మెలిపడి లాగుతుంటే గుర్రం తల విదిలిస్తూనే ఉంటుంది, కారణం మాత్రం పైకి కనబడదు.

గ్రీకు సేనాని జెనఫన్ క్రీస్తు పూర్వం 4వ శతాబ్దంలో రాసిన అశ్వశిక్షణ గ్రంథంలోనూ ఎడమ వైపు నుంచి రావడం, నోరు తెరవకపోతే బొటనవేలు వాడటం ఉన్నాయి. ఇంకో మంచి మాటా చెప్పాడు. పనికి పోయేటప్పుడే కాక మేతకు తీసుకెళ్లేటప్పుడు, స్వారీ అయి ఇంటికి వచ్చేటప్పుడు కూడా కళ్లెం తొడిగితే గుర్రం దాన్ని తనంతట తనే అందుకుంటుందట. కళ్లెం కనబడితే కష్టమే గుర్తొచ్చేలా చేయకూడదన్న ఈ ఆలోచనను మించింది తరవాతి పుస్తకాల్లో దొరకడం కష్టం.

బిట్ ఎత్తు సరిగ్గా ఉందో లేదో పెదవుల మూల చెబుతుంది. కడ్డీ అక్కడ ఆని, చిన్న ముడత ఒకటో రెండో పడితే చాలు. మరీ పైకి లాగితే గుర్రం ఎప్పుడూ నవ్వుతున్నట్టు కనబడుతుంది, అది నొప్పి. మరీ కిందికి వదిలితే నాలుకను కడ్డీ పైకి తీసుకోవడం నేర్చుకుంటుంది, ఆ అలవాటు మాన్పించడం చాలా కష్టం. గొంతు పట్టీ కింద నాలుగు వేళ్లు పట్టాలి. ముక్కు పట్టీ కింద, ముక్కు ఎముక మీద, రెండు వేళ్లు దూరాలి. ఈ నియమం అందరికీ తెలుసు, పాటించేవాళ్లే తక్కువ. ఐర్లండ్, ఇంగ్లండ్, బెల్జియం పోటీల్లో 750 గుర్రాలను కొలిచి 2017లో ప్రచురించిన పరిశోధనలో రెండు వేళ్ల సందు ఉన్నవి 7 శాతమే. 44 శాతం గుర్రాలకు ఒక్క వేలు కూడా దూరలేదు. నోరు తెరవనివ్వకుండా బిగించి, గుర్రం బిట్‌కు ఒప్పుకుందని చెప్పుకోవడం మోసం. నోరు కట్టేసినప్పుడు అది ఒప్పుకున్నదీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

మొదటి రోజుల్లో పది పదిహేను నిమిషాలు చాలు. గుర్రం కడ్డీని నమలడం, నాలుకతో ఆడించడం, పెదవుల మీద కొంచెం నురగ రావడం మామూలే. జత్ అని ఇక్కడివాళ్లు పిలిచే లూసర్న్ గడ్డి గుప్పెడు నోటికిస్తే, బిట్ ఉండగానే తినవచ్చని తెలిసి దవడ సడలుతుంది. కళ్లెంతో ఎప్పుడూ కట్టేయకూడదు, ఒంటరిగా వదలకూడదు. రింగు ఏ మేకుకో తగులుకుని గుర్రం వెనక్కి గుంజుకుంటే నాలుక తెగుతుంది.

తీసేటప్పుడు జరిగే తప్పే అన్నిటికన్నా ఎక్కువ గుర్రాలను చెడగొడుతుంది. పని అయిపోయిందన్న తొందరలో తల పట్టీని చెవుల మీంచి లాగేస్తారు, కడ్డీ ముందు పళ్లకు కొట్టుకుంటుంది. గుర్రం తల విసురుతుంది, బిట్ ఇంకా గట్టిగా తగులుతుంది. రెండుసార్లు ఇలా అయితే మూడోసారి పట్టీ వదులు కాకముందే తల పైకి పోతుంది. అందుకే గొంతు పట్టీ, ముక్కు పట్టీ ముందు విప్పాలి. తల పట్టీని రెండు చెవుల మీంచి ఒకేసారి నిదానంగా ముందుకు జరిపి, అక్కడే పట్టుకుని ఆగాలి. గుర్రం నోరు తెరిచి నాలుకతో కడ్డీని తనే వదిలేస్తుంది. దానికి అర నిమిషం పట్టినా చెయ్యి కిందికి లాగకూడదు.

నోట్లో ఇనుము అలవాటయ్యాక దానికి అర్థం నేర్పాలి. నేల మీదే నిలబడి ఎడమ పగ్గాన్ని వేళ్లతో కొద్దిగా పట్టి ఉంచాలి. గుర్రం ముక్కు ఎడమకు తిప్పగానే వేళ్లు సడలించాలి. కుడి వైపూ అంతే. తరవాత రెండు పొడుగు పగ్గాలతో వెనక నడుస్తూ మలుపులు, ఆగడం నేర్పుతారు. మనిషి వీపు మీదికి ఎక్కిన తొలి రోజుల్లో తలతాడుకు ఒక జత పగ్గాలు, బిట్‌కు ఒక జత కట్టి, మొదట తలతాడుతోనే నడిపించి పనిని క్రమంగా బిట్ మీదికి మార్చడం గుర్రానికి సుఖం. పట్టు తప్పిన కొత్త రౌతు తన బరువును పగ్గాల మీద వేలాడేస్తే, పడేది ఆ లేత చిగుళ్ల మీదే.

బిట్ లేకుండా స్వారీ చేయలేమా అంటే ఈ ఎడారిలోనే జవాబుంది. 1870ల చివర బెదూయిన్ తెగల మధ్య తిరిగిన లేడీ ఆన్ బ్లంట్, వాళ్లు బిట్ వాడరని, ముక్కు చుట్టూ సన్నని గొలుసున్న తలతాడుతోనే స్వారీ చేస్తారని రాసింది. కాబట్టి నోట్లో ఇనుము లేనిదే గుర్రం మాట వినదన్న వాదన నిలవదు. బిట్ సున్నితమైన సంకేతాలు చేరవేసే సాధనం. సున్నితంగా వాడలేని చేతికి తలతాడే మేలు.

అన్నీ సరిగ్గా చేసినా ఒప్పుకోని గుర్రం విషయంలో వెతికే వరస ఒకటుంది. ముందు పళ్లు, చిగుళ్లు, నాలుక. తరవాత చెవులు, చెవుల వెనక ఒరుపు. ఆ తరవాత బిట్ కొలత, పట్టీల బిగువు. ఇవేవీ కాకపోతేనే పాత భయం అనుకోవాలి. అప్పుడు కళ్లెం పక్కన పెట్టి, చెయ్యి తాకించుకోవడం దగ్గర నుంచి పాఠం మళ్లీ మొదలుపెట్టాలి. పై పెదవిని మెలితిప్పి పట్టే కర్ర వైద్యుడి అవసరానికి, రోజువారీ కళ్లేనికి కాదు.

వాడిన ప్రతిసారీ బిట్‌ను నీళ్లతో కడగాలి. ఎండిన చొంగలో ఇసుక రేణువులు అంటుకుంటే మర్నాడు అవే పెదవుల మూలను ఒరిపిస్తాయి. రింగు తిరిగే కన్నం అరిగి అంచు తేలిందేమో వేలితో తడిమి చూడాలి. ఈ వాతావరణంలో తోలు త్వరగా ఎండి పగులుతుంది కనుక పట్టీలకు నూనె తరచు పట్టించాలి. ఎదిగే వయసు గుర్రానికి ఆరు నెలలకోసారి, ఆ తరవాత కనీసం ఏడాదికోసారి పళ్లు చూపించాలి. చూపించిన ప్రతిసారీ బిట్ కొలత కూడా మళ్లీ సరిచూసుకోవాలి.