గడ్డి కోయకండి, గుడ్లున్నాయి

మాత్‌లను గుర్తుపట్టడమంటే రాత్రి దీపం పెట్టి, వాలిన రెక్కల పురుగుల్ని పుస్తకంలో బొమ్మలతో సరిచూసుకోవడమే అనుకుంటాం. ఇంగ్లండులో ఈ పనిని పిచ్చిగా ప్రేమించినవాళ్లు 18వ శతాబ్దం నుంచీ ఉన్నారు. లండన్‌లో ఆరేలియన్లని పేరు పెట్టుకుని సంఘం కట్టారు. 1748లో కార్న్‌హిల్ వీధి తగలబడినప్పుడు వాళ్ల సేకరణ అంతా బూడిదైంది. అయినా అలవాటు చావలేదు. నల్లటి బెల్లపు పాకంలో బీరు, రమ్ము కలిపి కాచి, చీకటి పడేవేళ చెట్ల బెరడుకు పూసి, లాంతరు పట్టుకుని తిరిగేవారు. 1950 ప్రాంతంలో రాబిన్సన్ సోదరుల పాదరసపు దీపం పెట్టె వచ్చాక పని తేలికైంది. పెట్టెలో కోడిగుడ్ల అట్టలు పేరుస్తారు. పురుగులు ఆ గుంటల్లో దూరి తెల్లారేదాకా కదలకుండా ఉంటాయి. పొద్దున్నే అట్టలు ఒక్కొక్కటీ తీసి, లెక్క రాసుకుని, వాటిని పొదల్లో వదిలేస్తారు.

అంత పండిన విద్యకు కూడా, ఎసెక్స్ సముద్ర తీరంలో ఒక పెద్ద మాత్ ఉందని 1968 దాకా తెలియలేదు. దాన్ని కనిపెట్టిన బెన్ ఫిషర్ పేరు మీదే ఫిషర్స్ ఎస్టువరైన్ మాత్ అంటున్నారు. శాస్త్రీయ నామం గోర్టినా బోరెలీ. ఐరోపా ప్రధాన భూభాగంలో అక్కడక్కడా ఉన్నదే గాని, బ్రిటన్‌లో దీని చిరునామా దాదాపుగా ఒకటే: ఎసెక్స్‌లో హామ్‌ఫర్డ్ వాటర్ చుట్టుపక్కల బురద కయ్యలు, సముద్రపు కట్టలు. తర్వాత కెంట్ తీరంలోనూ దొరికింది.

రెక్క చూస్తే నారింజ, గోధుమ రంగుల పట్టీలు, మధ్యలో తెల్లటి మచ్చలు. ఇంచుమించు ఇవే రంగుల్లో ఫ్రాస్టెడ్ ఆరెంజ్ అనే దగ్గరి చుట్టం ఉంది. అది చిన్నది, సర్వసాధారణం, ఎగిరే కాలమూ ఇంచుమించు ఒకటే. సైజూ మచ్చలూ చూసి పోల్చుకోవచ్చు. కానీ రంగు వెలిసిన పురుగు చేతికొస్తే పాతకాపులకైనా తడబాటు తప్పదు. పైగా ఫిషర్ మాత్ దీపానికి అంత తేలిగ్గా రాదు. రాత్రిపూట టార్చి పట్టుకుని గడ్డి కాడల వెంట వెతుక్కోవాలి.

అందుకే తెలిసినవాళ్లు రెక్క దాకా పోరు, మొక్క దగ్గరే ఆగుతారు. ఈ పురుగు బ్రిటన్‌లో హాగ్స్ ఫెన్నెల్ అనే ఒకే ఒక్క మొక్కను తింటుంది. అది మన కొత్తిమీర, సోంపు, వాముల కుటుంబం. మనిషెత్తు పెరిగి, పసుపు పూల గొడుగులు విప్పుతుంది. వేరు తుంచితే గంధకం వాసన. బ్రిటన్‌లో ఆ మొక్క కూడా ఎసెక్స్, కెంట్ తీరాల్లోనే సహజంగా పెరుగుతుంది. అక్కడి ఎండాకాలం చివర్లో ఆ మొక్క మొదట్లో వంగి చూడాలి. లోపల లద్దె పురుగు ఉంటే, కాండం అడుగున రంపపు పొట్టులాంటిది చిన్న కుప్పగా పడి ఉంటుంది. వేరు తొలుస్తూ పురుగు బయటికి నెట్టిన విసర్జన అది. సర్వే చేసేవాళ్లు లెక్కపెట్టేది ఈ కుప్పల్నే. పురుగు కంటబడదు, దాన్ని తాకే పనీ లేదు. మన మామిడి తోటల్లో కాండం తొలిచే పురుగును రైతు కనిపెట్టేదీ ఇలాగేగా!

సెప్టెంబరు, అక్టోబరుల్లో తల్లి పురుగులు బయటికొస్తాయి. ఇక్కడే అసలు తమాషా ఉంది. తల్లి గుడ్లు పెట్టేది హాగ్స్ ఫెన్నెల్ మీద కాదు, పక్కనున్న ముతక గడ్డి మీద. ఆకు తొడుగుకూ కాడకూ నడుమ ఉండే ఇరుకు సందులోకి గుడ్లను వరసగా దోపుతుంది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. చలికాలం వచ్చేసరికి హాగ్స్ ఫెన్నెల్ పైభాగమంతా ఎండిపోతుంది, గడ్డి మాత్రం నిలబడి ఉంటుంది. గుడ్లు చలికాలమంతా అందులోనే దాగి, ఏప్రిల్, మే నెలల్లో పొదుగుతాయి. నలుసంత పిల్ల పురుగు గడ్డి దిగి, తన మొక్కను వెతుక్కుంటూ నడిచి, లేత కాడను తొలుచుకుని లోపలికి పోతుంది. అక్కణ్నుంచి కిందికి, వేరులోకి. ఆగస్టుకు ప్యూపా.

అంటే మొక్క ఉన్నంత మాత్రాన సరిపోదు, పక్కన పొడుగ్గా పెరిగిన గడ్డీ ఉండాలి. సముద్రపు కట్టల్ని నున్నగా గొరిగి పెట్టడం మంచి నిర్వహణ అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడని మాట. శరదృతువులోనో చలికాలంలోనో గడ్డి కోస్తే ఆ ఏటి సంతానమంతా కోతతో పాటే పోతుంది. మన వరి రైతు నారు కొసలు తుంచి నాటుతాడు. కాండం తొలిచే పురుగు గుడ్లు ఆ కొసల మీద ఉంటాయని అతనికి తెలుసు. ఎసెక్స్ వాళ్లకు కావలసిందీ ఆ తెలివే, కాకపోతే అక్కడ దాని పని కోయకుండా ఆపడం.

సముద్రం పొంగితే ఉప్పునీళ్ల దెబ్బకు హాగ్స్ ఫెన్నెల్ తట్టుకోలేదు. నీటిమట్టం పెరుగుతోంది, ఆ లోతట్టు తీరం భద్రమైంది కాదు. అందుకే లోపలి మెరక నేలల్లో ఆ మొక్కలు నాటారు. కోల్చెస్టర్ జంతు ప్రదర్శనశాల వాళ్లు మాత్‌లను పెంచి అక్కడ వదిలారు. గడ్డిని గమనించిన ఔత్సాహికులూ పరిశోధకులూ లేకపోతే ఈ పథకంలో గడ్డి సంగతే ఉండేది కాదు. ఒకప్పుడు సూదులు గుచ్చి పెట్టెల్లో దాచుకున్న విద్య ఇప్పుడు మొక్కలు నాటుతోంది. ఇప్పుడు లైసెన్సు లేకుండా ఈ మాత్‌ను పట్టడమే నేరం.

ఆ విద్య విలువకు ఇంకో సాక్ష్యం. రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో 1933లో మొదలైన దీపపు ఎరలు తర్వాత దేశమంతా వ్యాపించాయి. ఆ లెక్కల ఆధారంగా 2021లో వచ్చిన నివేదిక ప్రకారం 1968 నుంచి 2017 మధ్య బ్రిటన్‌లో పెద్ద మాత్‌ల సంఖ్య 33 శాతం తగ్గింది. రాత్రి రాత్రికీ లెక్క రాసినవాళ్లు లేకపోతే ఈ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

ఏటా జూలై చివరి వారంలో జరిగే మాత్‌ల వారంలో మన దేశంలోనూ చాలామంది పాల్గొంటున్నారు. తెల్ల దుప్పటి, ఒక బల్బు, ఫోను ఉంటే చాలు. అయితే రెక్క ఫొటోతో ఆపకండి. లద్దె పురుగు దొరికితే ఏ మొక్క మీద దొరికిందో, ఏ భాగం తింటోందో, ఏ నెలో కూడా రాసిపెట్టండి.