పుస్తకం ధర ఎవరి చేతిలో ఉండాలి?

ఆ మధ్య ఒక సాహిత్య సభ ముగిశాక పుస్తకాల బల్ల దగ్గర నిలబడి మాట్లాడుకుంటుండగా చిరకాల మిత్రుడొకాయన నన్ను ఇరకాటంలో పెట్టారు. “పుస్తకం చవకగా జనానికి అందాలని మనం ఇన్నేళ్లుగా అంటున్నాం. అమెజాన్ వాడు చేస్తున్నదీ అదే. మరి వాడి మీద ప్రభుత్వం ఆంక్షలు పెట్టాలని మీరెందుకు వాదిస్తున్నారు? పుస్తకం ఖరీదు పెరగడం అభ్యుదయమా?” అన్నారు. అప్పటికేదో జవాబు చెప్పాను. అది జవాబు కాదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఇంటికి వచ్చి లీనా ఖాన్ రాసిన “అమెజాన్స్ యాంటీట్రస్ట్ పారడాక్స్” అనే వ్యాసాన్ని మళ్లీ మొదటి నుంచి చదివాను. ఇప్పుడు రాస్తున్నది ఆ చదువు ఫలితమే.

ఆ వ్యాసం 2017 జనవరిలో యేల్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పత్రికలో వచ్చింది. దాదాపు వంద పేజీలు. రాసేనాటికి ఖాన్ విద్యార్థిని. నాలుగేళ్ల తరవాత, 2021లో, అమెరికాలో గుత్త వ్యాపారాలపై నిఘా వేసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు ఆమే అధ్యక్షురాలయింది. న్యాయశాస్త్ర వ్యాసాన్ని సాహిత్య విమర్శ పత్రికలో చర్చించడమేమిటని ఎవరైనా అడగవచ్చు. ఈ కంపెనీ వ్యాపారం మొదలుపెట్టిందే పుస్తకాలతో. అంచేత దాన్ని గురించి మాట్లాడే హక్కు అందరికంటే ముందు రాసేవాళ్లకీ చదివేవాళ్లకీ ఉందని నా అభిప్రాయం.

ఖాన్ తలపడుతున్నది ఒక సిద్ధాంతంతో. 1890లో షెర్మన్ చట్టం వచ్చినప్పుడూ, 1911లో రాక్‌ఫెల్లర్ స్టాండర్డ్ ఆయిల్‌ను 34 ముక్కలు చేసినప్పుడూ అమెరికాలో గుత్తాధిపత్యం అంటే ఒకడి చేతిలో మితిమీరిన అధికారం పోగుపడటమనే అర్థం ఉండేది. 1978లో రాబర్ట్ బోర్క్ తన “ది యాంటీట్రస్ట్ పారడాక్స్” పుస్తకంలో ఆ అర్థాన్ని మార్చేశాడు. వినియోగదారుడికి మేలు జరుగుతోందా లేదా అన్నదొక్కటే చూడాలన్నాడు. ఆచరణలో అది ధర పెరిగిందా లేదా అనే ప్రశ్నకు కుదించుకుపోయింది. ధర తగ్గితే కంపెనీ ఎంత పెద్దదైనా నేరం లేదు. మా మిత్రుడు బోర్క్ పేరు విని ఉండరు గాని, పుస్తకాల బల్ల దగ్గర ఆయన మాట్లాడింది బోర్క్ మాటే. ఒక సిద్ధాంతం విజయం సాధించిందనడానికి ఇంతకంటే గుర్తు ఏం కావాలి?

ఇక పుస్తకాల కథ. 2007 నవంబరులో అమెజాన్ కిండిల్ యంత్రాన్ని బజారులోకి తెచ్చింది. కొత్తగా వచ్చి బాగా అమ్ముడుపోయే పుస్తకాలను 9.99 డాలర్లకు పెట్టింది. చాలా పుస్తకాలకు ప్రచురణకర్తకు తను చెల్లించేది అంతకంటే ఎక్కువ. అంటే ప్రతి కాపీ మీదా చేతి డబ్బు పోసుకుంటోంది. పాఠకుడికి పండగే. అయితే ఆ పాఠకుడు కొన్నది ఆ యంత్రంలో తప్ప మరోచోట చదువుకోలేని పుస్తకం. ఇంట్లో రెండు వందల పుస్తకాలు ఆ రూపంలో చేరాక అతను వేరే దుకాణానికి ఎలా వెళతాడు? అలవాటైన వాడి దగ్గర నష్టం రాబట్టుకోవడానికి ఎన్ని దారులైనా ఉంటాయి. అదే పుస్తకం మీద, అదే ధర పెంచి రాబట్టుకోవాలని లేదు. ఖాన్ వ్యాసంలో అన్నిటికంటే బలమైన భాగం ఇది. అమెరికా న్యాయశాఖ అమెజాన్ ఈ-పుస్తకాల వ్యాపారాన్ని మొత్తంగా లెక్కగట్టి, లాభంలోనే ఉంది కనుక దోషం లేదన్నది. ఏ పుస్తకాలను ఎర వేశారో వాటిని విడిగా చూడాలంటుంది ఖాన్. నిజమే. గాలానికి గుచ్చిన వానపామును కూడా చేపల జమలో కలిపి లెక్క చూస్తారా ఎవరైనా?

ప్రచురణకర్తలు 2010లో తిరగబడ్డారు. ఆపిల్ ఐప్యాడ్ వస్తున్న సమయమది. ధర మేమే నిర్ణయిస్తాం, అమ్మిపెట్టినందుకు 30 శాతం తీసుకో అన్నారు. మెక్‌మిలన్ ఈ మాట అనగానే అమెజాన్ ఆ సంస్థ పుస్తకాలకు కొనుగోలు మీట తీసేసింది, అచ్చు పుస్తకాలతో సహా. కొద్ది రోజులకే దిగివచ్చింది గాని బలం ఏమిటో అందరూ చూశారు. 2012 ఏప్రిల్‌లో ప్రభుత్వం రంగంలోకి దిగింది. దావా వేసింది ఎవరి మీద? ఆపిల్ మీద, ఐదు ప్రచురణ సంస్థల మీద. వాళ్లు కూడబలుక్కుని ధర పెంచారన్నది అభియోగం. 2013లో జడ్జి డెనిస్ కోట్ తీర్పు ఆపిల్‌కు వ్యతిరేకంగా వచ్చింది. 2016లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించాక ఆపిల్ 45 కోట్ల డాలర్లు చెల్లించింది. కూడబలుక్కోవడం తప్పే, నేను కాదనను. కాని ప్రభుత్వం జోక్యం చేసుకోవాలా వద్దా అని మనవాళ్లు ఇప్పటికీ చర్చిస్తుంటే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. అది ఎప్పుడో చేసుకుంది, చాలా గట్టిగా చేసుకుంది. ఈ-పుస్తకాల వ్యాపారంలో అత్యధిక భాగం ఎవరి చేతిలో ఉండేదో వాడికి అనుకూలంగా చేసుకుంది. అంచేత అడగవలసింది ఏ కొలతతో, ఎవరి పక్షాన అని.

2014లో హాషెట్ సంస్థతో పేచీ వచ్చినప్పుడు అమెజాన్ తన వాదాన్ని అంకెలతో సహా బయటపెట్టింది. 14.99 డాలర్లకు ఒక కాపీ అమ్ముడుపోయేచోట 9.99కి 1.74 కాపీలు పోతాయట. అంచేత రచయితకూ లాభమేనట. ఈలోగా హాషెట్ రచయితల పుస్తకాలు ఆలస్యంగా పంపడం, రాబోయే పుస్తకాలకు ముందస్తు ఆర్డర్లు ఆపేయడం జరుగుతూనే ఉన్నాయి. తొమ్మిది వందల మందికి పైగా రచయితలు సంతకాలు చేసి న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన వేయించారు. దానికి జవాబుగా కంపెనీ జార్జ్ ఆర్వెల్‌ను సాక్ష్యానికి పిలిచింది. 1936లో పెంగ్విన్ వారి చవక ప్రతులను అణచిపెట్టమని ఆర్వెల్ అన్నాడనీ, చరిత్రలో అతను తప్పని తేలిందనీ చెప్పింది. ఆర్వెల్ నిజంగా అన్నది వేరు. పాఠకుడిగా ఆ ప్రతులను మెచ్చుకుంటూనే, పుస్తకం మరీ చవకయితే మిగిలిన డబ్బు ఇంకో పుస్తకానికి పోదు, సినిమాకు పోతుందని ఎత్తిపొడిచాడు. మన శిబిరంలో చాలామందికి ఆర్వెల్ గిట్టడు, నాకూ కొన్ని పేచీలున్నాయి. అయినా రచయితను చదవకుండా ఉదాహరించే పాపం కంపెనీలు కూడా చేస్తాయని ఇక్కడ తెలిసింది. ఐదేళ్ల ముందు, 2009 జులైలో, ఆ ఆర్వెల్ “1984”నూ, “యానిమల్ ఫామ్”నూ డబ్బిచ్చి కొనుక్కున్న పాఠకుల కిండిళ్లలోంచి ఈ కంపెనీయే రాత్రికి రాత్రి తుడిచేసింది. అమ్మినవాడికి హక్కులు లేవట. డబ్బు వాపసు ఇచ్చారు, అధిపతి క్షమాపణ కూడా చెప్పుకున్నాడు. కాని మన ఇంటి అలమరలోకి ఆ చెయ్యి వస్తుందని తేలిపోయింది కదా!

ఇప్పుడు మిత్రుడి ప్రశ్నకు వస్తాను. నిజానికి ఆయన అడగని మరింత కష్టమైన ప్రశ్న ఒకటుంది. నేను గోర్కీని, చేహోవ్‌ని ఎలా చదివాను? మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర వారి వ్యానులో మా ఊరొచ్చేవి. గట్టి అట్ట, తెల్లని కాగితం, లోపల బొమ్మలు, చేతిలో ఉన్న చిల్లర చాలేది. ఆ ధర కాగితం ఖర్చుకు కూడా సరిపోదని అప్పుడే అందరికీ తెలుసు. ఒక రాజ్యం తన ఖజానాలోంచి నష్టం భరించి మనకు పుస్తకాలు ఇచ్చింది. ఆ పక్కన మామూలు తెలుగు ప్రచురణకర్త ఎలా నిలబడ్డాడని మనలో ఎవరమైనా అడిగామా? 1991లో ఆ రాజ్యం పోయింది, పుస్తకాలూ ఆగిపోయాయి. ఆ ధరకు అలవాటుపడిన పాఠకుడు, మన ప్రచురణకర్త వేసిన అనువాదం చేతిలోకి తీసుకుని, వెనక అట్ట చూసి కింద పెట్టేయడం నేను కళ్లారా చూశాను. ఖర్చుకంటే తక్కువకు అమ్మడం దానికదే పాపమైతే మన యౌవనమంతా ఆ పాపంలోనే గడిచింది.

కాదనే నేననుకుంటున్నాను. తేడా ధరలో లేదు. సోవియట్ పుస్తకం నా దగ్గరకొచ్చాక నాది. దాన్ని అరువిచ్చాను, పోగొట్టుకున్నాను, పాత పుస్తకాలవాడికి అమ్మాను. ఆ వ్యాను మా ఊళ్లో మరో దుకాణం తెరవనివ్వకుండా అడ్డం నిలబడలేదు. సంతా తనదే, అందులో కొట్టూ తనదే, కాటా తనదే, పక్క కొట్టువాడి దగ్గర ఆశీలు వసూలు చేసేదీ తనే అయినప్పుడు ఆ సంతలో ధర తక్కువగా ఉండటం ఒక పూట ముచ్చట. 2023 సెప్టెంబరులో ఫెడరల్ ట్రేడ్ కమిషనూ, 17 రాష్ట్రాలూ కలిసి అమెజాన్ మీద వేసిన దావాలో చెప్పినది సరిగ్గా ఇదే. బయట ఎక్కడైనా తక్కువకు అమ్మిన వ్యాపారిని అమెజాన్ తన దుకాణంలో కనపడకుండా చేస్తోందని, రకరకాల రుసుముల పేర వ్యాపారి రాబడిలో దాదాపు సగం లాగుతోందని అభియోగం. కంపెనీ వీటిని తోసిపుచ్చింది. విచారణ 2027 ఫిబ్రవరికి నిర్ణయమయింది. నేరం రుజువయ్యేదాకా నేను తీర్పు చెప్పను గాని, రుసుము సగానికి చేరితే ఆ భారం సరుకు ధరలోకి ఎక్కక ఎక్కడికి పోతుంది?

ఖాన్ వ్యాసంతో నాకు పేచీ లేదా అంటే ఉంది. ఆమె రెండు దారులు చూపిస్తుంది. పోటీని పునరుద్ధరించడం ఒకటి. గుత్తను గుత్తగానే ఒప్పుకుని రైలుకూ కరెంటుకూ పెట్టినట్టు ప్రజావసరపు బాధ్యతలు పెట్టడం రెండోది. ఆమె మనసు మొదటిదాని మీదనే ఉంది. పది మంది పోటీపడితే అంతా సర్దుకుంటుందన్న విశ్వాసం ఆ పేజీల్లో అడుగడుగునా కనిపిస్తుంది. నాకంత విశ్వాసం లేదు. నా మొదటి సంపుటి మూడు వందల కాపీలు తీసుకున్న ఒక పంపిణీదారు ఐదేళ్లు లెక్క చెప్పలేదు. వాడు గుత్తాధిపతీ కాడు, బహుళజాతి కంపెనీ కాడు, ఇరుకు సందులో ఒక గది వాడి సామ్రాజ్యం. చిన్న పెట్టుబడి దయగలదని చెప్పేవాళ్లు రచయితలై ఉండరు. ఒక్కటే సుగుణం, వాడి గుమ్మం ముందు కూర్చోవచ్చు. కూర్చున్నాను కూడా.

ధర విషయంలో ఫ్రాన్స్ అనుభవం మనం చదవవలసింది. 1981 ఆగస్టులో సాంస్కృతిక మంత్రి జాక్ లాంగ్ పేర వచ్చిన చట్టం ప్రకారం పుస్తకం ధర ప్రచురణకర్తే వేయాలి. ఎవరు అమ్మినా ఐదు శాతానికి మించి తగ్గించకూడదు. ప్రభుత్వం ధర నిర్ణయించదు, నిర్ణయించిన ధరను బలవంతుడు విరగ్గొట్టకుండా చూస్తుంది, అంతే. 2011లో దీన్ని ఈ-పుస్తకాలకూ విస్తరించారు. 2014లో తగ్గింపు మీద ఉచిత రవాణా కూడా ఇవ్వకూడదన్నారు. అమెజాన్ రవాణా ఛార్జీ ఎంత పెట్టింది? ఒక్క సెంటు! 2023 అక్టోబరు నుంచి 35 యూరోలలోపు ఆర్డరుకు రవాణా కనీసం మూడు యూరోలని పెట్టవలసి వచ్చింది. చట్టం రాసేవాడు, తప్పించుకునేవాడు చదరంగం ఆడుతూనే ఉంటారు. ఆట ఆపేసినచోట ఏమవుతుందో ఇంగ్లండు చూపించింది. 1900 నుంచి అక్కడ ఉన్న స్థిర ధర ఒప్పందం 1995లో కూలింది. తరవాతి ఇరవై ఏళ్లలో స్వతంత్ర పుస్తక దుకాణాలు సగానికి సగం తగ్గాయి. అయితే ఫ్రాన్స్ చట్టం పేద పాఠకుడికి ఏమీ చేయదు. ఆ పని గ్రంథాలయం చేయాలి. మన గ్రంథాలయాల స్థితి తలుచుకుంటే ఈ వాదం నా నోట్లోనే కొంత చేదవుతుంది.

మన దేశంలో 1969 నాటి గుత్త వ్యాపారాల చట్టం రద్దయి 2002 నాటి కాంపిటీషన్ చట్టం దాని స్థానంలోకి వచ్చింది. తప్పు జరిగాక ఏళ్ల తరబడి విచారించడం కాక, పెద్ద కంపెనీలు తమ సరుకుకు తామే పెద్దపీట వేసుకోకుండా ముందే కట్టడి చేయాలని 2024 మార్చిలో ఒక ముసాయిదా బిల్లు బయటికి వచ్చింది. యూరప్‌లో అలాంటి చట్టం అదే నెలలో పూర్తిగా అమలయింది. నేను ఈ దారిని సమర్థిస్తాను, ఒక షరతుతో. నియమాలు ధరకూ, కమిషనుకూ, లెక్కలకూ ఉండాలి. ఏ పుస్తకం ఉండాలో ఏది పోవాలో చెప్పే అధికారం ఆ నెపంతో మంత్రిత్వశాఖ చేతికి పోకూడదు. నిషేధాల సంగతి తెలుగు రచయితలకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఖాన్ వెనక వరసలో నిలబెట్టిన రెండో దారి, రైలు బాధ్యత, మనకు ముఖ్యమని నేననడానికి కారణం వేరే ఉంది. 2016 డిసెంబరులో కిండిల్ భారతీయ భాషల్లో పుస్తకాలు మొదలుపెట్టింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. తెలుగు లేదు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు ఎనిమిది కోట్లు, తమిళం కంటే, గుజరాతీ కంటే, మలయాళం కంటే ఎక్కువ. ధర ఎక్కువా తక్కువా అన్న ప్రశ్నే రాలేదు మనకు. బండి మన స్టేషన్లో ఆగలేదు. తెలుగులో చిరునామా ఉందని పార్సిలు తీసుకోనంటే రైల్వేని నిలదీయడానికి చట్టం ఉంది. కిండిల్‌ను ఎవరు, ఏ చట్టం కింద అడగాలి? మిత్రుడికి ఈసారి కనిపించినప్పుడు ఈ సంగతి చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, “అయితే మీ సంపుటి కాపీలు ఇంకా ఇంట్లోనే ఉన్నాయా?” అని అడిగారు. ఉన్నాయి, రెండు కట్టలు.