"నువ్వెవరు?" అని అడగని పాట

గ్రాంట్ రోడ్ స్టేషన్లో తూర్పు వైపు దిగి కామాటిపుర గల్లీల్లోకి నడిచి వెళ్ళే మా విద్యార్థి ఒకడు సెమినారు పత్రానికి 'బ్లాక్ సాబత్' అనే ఇంగ్లీషు రాక్ బృందంవారి మొదటి ఆల్బమ్‌ను అంశంగా ఎంచుకున్నాడు. తెలుగు పీఠంలో ఇదేమి అంశమని ఒకరిద్దరు నొసలు చిట్లించారు. భయానక రసం గురించి మాట్లాడదలచుకున్నవాడు ప్రబంధాల దగ్గరే ఆగాలన్న నియమమేమీ లేదు కనుక నేను సరేనన్నాను. పత్రం బాగానే వచ్చింది. అయితే చివరి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. "ఇటువంటి సంగీతం మన భాషలో లేదు, ఉన్నదల్లా 'గోలీమార్', దాన్ని చూసి లోకం నవ్వుతుంది" అని రాశాడు. ఆ వాక్యంలో విమర్శ కంటే సిగ్గు ఎక్కువగా కనబడింది. ఈ వ్యాసం ఆ వాక్యానికి జవాబు.

ముందు ఆ ఆల్బమ్ సంగతి. ఇది 1970 ఫిబ్రవరి 13న, క్రైస్తవ దేశాల్లో అపశకునంగా భావించే పదమూడో తేదీ శుక్రవారం కలిసిన రోజు చూసి, విడుదలయింది. నలుగురూ బర్మింగ్‌హామ్ కార్మికవాడల కుర్రాళ్ళు. గిటారు వాయించే టోనీ అయోమీ పదిహేడో ఏట రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. అతను ఎడమచేతి వాటంవాడు కాబట్టి తీగల మీద నొక్కవలసిన వేళ్ళు సరిగ్గా అవే. ప్లాస్టిక్ సీసా కరగబెట్టి ఆ వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పలచని తీగలు కట్టుకున్నాడు, తరవాతి ఆల్బమ్‌లలో శ్రుతి కూడా దించాడు. దెయ్యాల సంగీతమని పేరుపడిన ఆ బరువైన ధ్వనికి మూలాల్లో ఒకటి ఈ మర చేసిన గాయం. తాతలు గిరణ్‌గావ్ మిల్లుల్లో పనిచేసిన మన పిల్లలకు ఇది నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మొదటి పాట వర్షంతో, దూరపు గంటతో మొదలవుతుంది. తరవాత గిటారు మీద మూడే మూడు స్వరాలు, చాలా నెమ్మదిగా: షడ్జం, పై స్థాయి షడ్జం, అక్కడినుంచి దిగి ప్రతిమధ్యమం. ఈ షడ్జ ప్రతిమధ్యమాల మధ్య దూరాన్ని యూరప్ సంగీతశాస్త్రం పూర్వం 'సంగీతంలో సైతాను' అని పిలిచింది. అభిమానులు ఈ మాట పట్టుకుని ఆ మూడు స్వరాల్లోనే పిశాచం కూర్చుని ఉన్నట్టు చెప్పుకుంటారు, మా విద్యార్థి కూడా అలాగే రాశాడు. కాని మన డెబ్బైరెండు మేళకర్తల్లో సరిగ్గా సగం, అంటే 36, ప్రతిమధ్యమ మేళాలే. వాటిలో కల్యాణి ఉంది. కల్యాణి విని ఎవరూ జడుసుకోరు, పేరే మంగళం. కల్యాణిలో ఆ మధ్యమం ఒంటరిగా నిలబడదు, పక్కన గాంధారం, పంచమం తోడుంటాయి. ఇక్కడ తోడు లేదు. అది నిజమే. అయినా స్వరాంతరంలోనే భయం ఉంటే మనమందరం పెళ్ళిపందిట్లో వణకవలసింది. భయం ఉన్నది ఆ నెమ్మదిలో, స్వరానికీ స్వరానికీ మధ్య వదిలిన ఖాళీలో, మరీ ముఖ్యంగా చర్చి గంటనూ సైతానునూ చిన్నప్పటినుంచి ఎరిగిన చెవిలో. మన ఆలంకారికులు భయానికి స్థాయీభావమని పేరు పెట్టినప్పుడు అది సామాజికుడి హృదయంలో ముందే ఉండాలన్నారు. స్థాయి ఒకటే కావచ్చు, దాన్ని లేపే విభావాలు మాత్రం ఊరికొక రకం.

పత్రంలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒక అధోజ్ఞాపిక. ఇంట్లో ఈ పాట పెట్టినప్పుడు వాళ్ళ నానమ్మ కాసేపు విని "ఎవరు పోయిండ్రురా?" అని అడిగిందట. దాన్ని అతను తమాషాగా రాసుకున్నాడు. తెలంగాణ పల్లెలనుంచి వచ్చిన కుటుంబం. పీనుగ ముందు డప్పు కొట్టడం, ఆ డప్పుకు మనుషులు చిందెయ్యడం అక్కడ చనిపోయినవాడికి చెల్లించవలసిన మర్యాద. గంట, నెమ్మదైన దరువు వినగానే ఆమెకు భయం కలగలేదు, వార్త అందింది. వెంటనే అడగవలసిన ప్రశ్న అడిగింది. నిజానికి ఆ పాట ప్రశ్న కూడా అదే. ఎదుట నల్లటి ఆకారం నిలబడితే, ఇదేమిటని పాడేవాడు బెదిరిపోతూ అడగడంతో సాహిత్యం మొదలవుతుంది. రాత్రి మంచం కాళ్ళ దగ్గర ఏదో ఆకారం కనబడిందని బృందంలో ఒకడైన గీజర్ బట్లర్ చెప్పుకున్న అనుభవం దానికి మూలం. అది సైతానును కొలిచే పాట కాదు, సైతానును చూసి పారిపోవాలనుకునే పాట.

అక్కడి శ్రోతలు దీన్ని అలా వినలేదు. ఆల్బమ్ లోపలి అట్టమీద తలకిందుల శిలువ అచ్చయింది. అది కంపెనీవారి పని, వాయించినవారిని అడిగి చేసింది కాదు. పాటకంటే ముందు ఆ బొమ్మ చేరింది. భక్తులు తిట్టడానికీ, కుర్రాళ్ళు మెచ్చుకోవడానికీ ఆ బొమ్మే ఆధారమయింది. పత్రికల విమర్శకులు మొదట ఈసడించారు. నలుగురు కుర్రాళ్ళు మాత్రం తమకేమైనా అవుతుందేమోనని మెళ్ళో మామూలు శిలువలు వేసుకుని తిరిగారు. 2025 జులైలో వాళ్ళ గాయకుడు ఆజీ ఆజ్‌బర్న్ పోయినప్పుడు బర్మింగ్‌హామ్ వీధుల్లో జనం బారులు తీరి సాగనంపారు. తమ ఊరి ఫ్యాక్టరీల మనిషి వెళ్ళిపోయాడని వాళ్ళకు తెలుసు.

ఈ భయసంగీతం హార్డ్ రాక్ దాటి అందరి ఇళ్ళకూ ఎలా చేరిందో ఒక గొంతును అనుసరించి చూడవచ్చు. భయానక చిత్రాల నటుడు విన్సెంట్ ప్రైస్ 1975లో ఆలిస్ కూపర్ చేసిన 'వెల్‌కమ్ టు మై నైట్‌మేర్' ఆల్బమ్‌లో వచనం పలికాడు. 1982లో అదే గొంతు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాట చివర వినబడింది. 1983 డిసెంబరులో ఆ పాటకు జాన్ లాండిస్ తీసిన పద్నాలుగు నిమిషాల చిత్రం వచ్చింది. సమాధుల్లోంచి శవాలు లేచి వరసకట్టి నాట్యం చేస్తాయి. 1985లో మన 'దొంగ' వచ్చింది. దర్శకుడు కోదండరామిరెడ్డి, సంగీతం చక్రవర్తి, పాడింది బాలసుబ్రహ్మణ్యం, ఆడింది చిరంజీవి, రాధ. 'గోలీమార్' పాటలో సమాధులూ, లేచిన శవాలూ, బృందనృత్యమూ థ్రిల్లర్ నుంచి వచ్చినవే. దాచుకునే ప్రయత్నం కూడా ఎవరూ చెయ్యలేదు.

అనుకరణ అన్నది నాకు పెద్ద అభ్యంతరం కాదు. చిరంజీవి అభిమానులు ఆ పాటలో చూసింది నృత్యం. ఆ కాలపు తెలుగు తెర మీద అంత చురుకైన అడుగు అరుదు, వాళ్ళు మెచ్చుకోవలసిందే మెచ్చుకున్నారు. నా ఫిర్యాదు వేరు. థ్రిల్లర్ చిత్రంలో భయం శవాల దగ్గర లేదు, పక్కనున్న ప్రియుడు వేరొకడుగా మారిపోవడంలో ఉంది. నేను నడుస్తున్నది ఎవరితో అన్న ప్రశ్న చివరి క్షణందాకా ఆ అమ్మాయిని వదలదు. 'గోలీమార్' అడుగులు తెచ్చుకుని ఈ ప్రశ్నను అక్కడే వదిలేసింది. అందులో లేచిన శవాలను ఎవరూ ఏమీ అడగరు. అవి ఎవరివో, ఎందుకు లేచాయో మనకు తెలియదు. పక్కవాయిద్యంలాగా వచ్చి పోతాయి.

ఇది మనకు చేతకాని విద్య అయితే ఊరుకోవచ్చు. కాని చచ్చినవాళ్ళను పలకరించడం మన సంప్రదాయంలో మొదటినుంచీ ఉంది. విక్రమార్కుడి భుజం మీది శవం కథ చెప్పి మరీ ప్రశ్న వేస్తుంది. దెయ్యం పట్టిన మనిషి ముందు కూర్చున్న భూతవైద్యుడి మొదటి మాట "ఎవరు నువ్వు, నీకేం కావాలి" అనే. అన్నిటినీ మించి హరిశ్చంద్ర నాటకం కాటిసీను ఉంది. బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం ఆడుతూ నటులు అందులో గుర్రం జాషువా శ్మశాన పద్యాలు కలుపుకున్నారు. డి.వి. సుబ్బారావు వంటివారు ఆ పద్యాలు ఎత్తుకుంటే జనం వన్స్‌మోర్ అని కేకలు వేసేవారు. శ్మశానంలో పాట పాడితే చప్పట్లు కొట్టే శ్రోతలు మనకు 'గోలీమార్' కంటే చాలా ముందునుంచే ఉన్నారన్నమాట. జాషువా ఆ మట్టిలో కలిసినవాళ్ళను ఒక్కొక్కరినీ పిలుస్తాడు: కవి, ఇల్లాలు, చిత్రకారుడు, రాజు. బతికుండగా అంటరానితనం అనుభవించిన కవికి తారతమ్యం లేని చోటు అదొక్కటే కనబడింది. ఆ పద్యాల్లో గగుర్పాటు ఉంది, అది పిశాచం వల్ల వచ్చింది కాదు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఆయనకు సైతాను సంగతి తెలియక కాదు. మన సినిమావారు 1985లో సమాధుల సెట్టు కోసం అమెరికా వైపు చూసినప్పుడు, సురభి డేరాలో ఈ కాటి ఒకటుందని ఎవరికీ గుర్తు రాకపోవడమే నాకు బాధ.

ఇక లోకం నవ్వడం గురించి. చాలా ఏళ్ళ తరవాత ఎవరో ఈ పాటకు, తమ చెవికి వినబడిన ఇంగ్లీషు మాటలు కింద అచ్చువేసి అంతర్జాలంలో తిప్పారు. 'గోలీమార్' కాస్తా 'గర్లీ మ్యాన్' అయింది. చివరి రేఫకూ నకారానికీ పోలిక తక్కువే. తెలియని భాష వింటున్న చెవి దగ్గరి ధ్వని కోసం వెతకదు, తనకు తెలిసిన మాట కోసం వెతుకుతుంది. ఇందులో మన భాషకు జరిగిన అవమానం ఏమీ లేదు. పైగా వాళ్ళు తెలుగనుకుని నవ్విన ఆ మాట తెలుగే కాదు, హిందీ. బొంబాయి వీధిలో దాన్ని "పోనీ, వదిలెయ్" అనే అర్థంలో రోజుకు పదిసార్లు వింటాం. బెజవాడ ప్రేక్షకుడికి తుపాకీ వినిపించిన చోట కామాటిపుర కుర్రవాడికి ఈ రెండో అర్థం కూడా వినిపిస్తుంది. ఆ లాభం మనది.

తప్పు వినడం ఒక్కవైపు పనీ కాదు. గ్రాంట్ రోడ్‌లో పాత నాటకశాలల ప్రాంతాన్ని ఇంగ్లీషువాళ్ళు ప్లే హౌస్ అన్నారు. గ్లాసును గలాసు చేసినట్టే మనవాళ్ళు సంయుక్తాక్షరం మధ్య అచ్చు పెట్టారు. ఆ రూపం హిందీలో పసుపు రంగు అనే మాటకు దగ్గరగా రావడంతో పీలా హౌస్ స్థిరపడింది. పసుపు రంగు ఇల్లు అక్కడ ఎవరికీ అవసరం లేదు, అయినా పేరు నిలిచింది. మా విద్యార్థి రోజూ ఆ పేరు చెప్పే బస్సు దిగుతాడు.

అతను ఇప్పుడు పత్రం తిరగరాస్తున్నాడు. చివరి వాక్యం తీసేస్తానన్నాడు. నేను అడిగింది వేరొకటి: నానమ్మ ప్రశ్నను అధోజ్ఞాపికలోంచి మొదటి పేజీకి తెమ్మన్నాను, ఆమె ఏ యాసలో అడిగిందో ఆ యాసలోనే.