బండి ఆగేది అయిదు నిమిషాలే

జనరల్ బోగీ ఎక్కడ ఆగుతుందో మా గైడ్ పిల్లలకు కొట్టిన పిండి. రాయగడ స్టేషన్లో ఇంజను వైపు ఒక జట్టు, తోక వైపు ఒక జట్టు నిలబడతాయి. మధ్యలో ఏసీ పెట్టెల దగ్గర ఎవరూ ఉండరు. ఆ కిటికీలు తెరుచుకోవు, ఆ లోపలివాళ్లు నీళ్లు కొనుక్కోగలరు. జనరల్ పెట్టెలో ఉన్నవాళ్లు మాత్రం దిగితే మళ్లీ చోటు దొరకదని దిగరు. కుళాయి ఇరవై అడుగుల దూరంలో కనిపిస్తూనే ఉంటుంది, దాహం దాహంగానే ఉంటుంది. ఎండాకాలంలో మా పనల్లా ఆ ఇరవై అడుగులూ వాళ్ల బదులు నడవడం.

మే నెల చివర్లో ఈ నడక ఎక్కువవుతుంది. బొలంగీర్, కలహండి, నువాపడా జిల్లాల నుంచి కొత్త పంట పండగ నువాఖాయి అయ్యాక ఇటుక బట్టీలకు వలసపోయిన కూలీలు ఆంధ్రా, తెలంగాణల నుంచి తిరుగుముఖం పట్టేది అప్పుడే. వాన మొదలైతే పచ్చి ఇటుక ఆరదు, బట్టీ ఆగిపోతుంది. విశాఖ నుంచి రాయపూర్ వైపు పోయే బండ్లలో గిన్నెల మూటలూ, చుట్టిన చాపలూ, ఒళ్లో పిల్లలూ. ఆర్నెల్ల సంసారం మొత్తం సీటు కింద ఉంటుంది.

నీళ్లు పోయడానికి ఇద్దరు కావాలి. ఒకరు సీసా అందుకుని మూత తీసి పట్టుకుంటారు. రెండోవారు గరాటు పెట్టి కొమ్ముచెంబుతో పోస్తారు. కిటికీ ఊచల్లోంచి ఒకేసారి ఆరేడు చేతులొస్తాయి. ఎవరి సీసా వాళ్ల చేతికే తిరిగి పోవాలి. లోపలి చీకట్లో మొహాలు గుర్తుండవు కాబట్టి చేతిని చూడమని నేర్పుతాను. ఆకుపచ్చ గాజుల చెయ్యి, నల్లతాడు కట్టిన చెయ్యి, పచ్చబొట్టు చెయ్యి. సిగ్నల్ పడగానే నేను ఒక పొడుగాటి ఈల వేస్తాను. సగం నిండిన సీసా అయినా సరే తిరిగి ఇచ్చేసి పసుపు గీత వెనక్కి రావాలి. కదిలే బండి వెంట పరిగెత్తకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర నేను ఎవరి కన్నీళ్లకూ కరగను.

వీటన్నిటికంటే ముందు నేర్పేది ఒకటుంది. చెంబు ముట్టుకునే ముందు అడగాలి. "నీళ్లు కావాలా తాతా?" అని తెలుగులో. "మావుసీ, పాణి దరకార్ కి?" అని ఒడియాలో. సీసాలో ఏ కాస్త ఏదున్నా "బోతల్‌రే కణ అఛి?" అని, అంటే లోపల ఏముందని, ఇంకో ప్రశ్న. శ్రీకాకుళం వైపు ముసలివాళ్లయితే నవ్వుతారు. "దాహంతో చస్తంటే అడిగీదేటి బాబూ, పోసియ్!" అంటారు. అయినా అడగాల్సిందే.

ఎందుకో చెప్పాలంటే నా 12వ ఏటికి వెళ్లాలి. అప్పుడు నేను స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో గైడ్‌ని. మెడలో స్కార్ఫు, దాని కొనకు ఒక ముడి. పొద్దున్నే ఆ ముడి వేసుకోవాలి, ఆ రోజు ఒక మంచిపని చేశాక విప్పుకోవాలి. ప్రపంచమంతటా స్కౌట్లు చేసేదే. నాకు ఆ ముడి ఎవరికంటే ముందు విప్పేయాలని ఆత్రం. ఒకామె కిటికీలోంచి సీసా చాచింది. అడుగున ఏదో తెల్లగా మిగిలి ఉంది. పాడైన నీళ్లనుకున్నాను. పట్టాల మీద ఒంపేసి, కడిగి మరీ, చల్లటి నీళ్లు నిండా పట్టి ఇచ్చాను. ఆమె సీసా వంక చూసింది. ఒళ్లో పిల్లవాడి వంక చూసింది. కేకలు వెయ్యలేదు. అది గంజి అని పక్కనున్న ముసలాయన చెప్పేసరికి బండి కదిలింది. గంజి చిక్కబడిందని, కాసిన్ని నీళ్లు కలపమని ఆమె ఆ సీసా చాచింది.

ఆ రాత్రి ముడి విప్పలేదు. మర్నాడు మా కెప్టెన్ మేడమ్ అంతా విని "అడిగావా?" అని ఒక్క మాటే అన్నారు. నలభై ఏళ్లకు పైగా అయింది. ఇప్పుడు నేనే పిల్లల్ని వెంటేసుకుని ఆ ప్లాట్‌ఫారం మీద నిలబడుతున్నాను. ఆ మాట నాతోనే ఉంది.

నీళ్లివ్వడం మాకు స్కౌటింగ్ నేర్పిందని నేను అనను. తెలుగువాళ్లకు చలివేంద్రాలున్నాయి, ఒడియావాళ్లకు జలఛత్రాలున్నాయి. ఏప్రిల్ మధ్యలో పణా సంక్రాంతినాడు ఒడియా ఇళ్లలో తులసికోట మీద చిల్లు పెట్టిన కుండ కడతారు. వైశాఖమంతా చెట్టు మీద చుక్క చుక్క నీరు పడుతూనే ఉంటుంది. దారిన పోయేవాళ్లకు మారేడు పానకం పోస్తారు. 1998 వేసవిలో ఒడిశాలో వడగాడ్పులకు 2,000 మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత జలఛత్రం పుణ్యకార్యంగానే మిగిలిపోకుండా ప్రాణరక్షణ ఏర్పాటు కూడా అయింది. స్కౌటింగ్ మాకు ఇచ్చింది దయ కాదు, అది ఇక్కడ ముందే ఉంది. ఇచ్చింది వరస. ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరి చేతిలో ఏముండాలి, ఎప్పుడు వెనక్కి రావాలి. పిల్లల చేతిలో పెద్ద పని పెట్టాలంటే ఆ వరస కావాలి.

ఆ పద్ధతి పుట్టుక సంగతి చాలామందికి తెలిసిందే. 1907లో ఇంగ్లండు దగ్గర బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ కొద్దిమంది పిల్లలతో గుడారాలు వేశాడు. రెండేళ్లలో అది మన దేశానికి వచ్చింది కానీ మొదట్లో మన పిల్లలకు అందులో చోటు లేదు. మదరాసులో అనీబిసెంట్, ఉత్తరాదిన మాలవీయ, కుంజ్రూ, శ్రీరామ్ బాజ్‌పాయ్ వంటివారు వేరే దళాలు పెట్టింది అందుకే. ఆ ముక్కలన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యాయి. మరుసటి ఏడు గైడ్లూ వచ్చి చేరారు. మా కొరాపుట్, రాయగడ ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా విశాఖపట్నం జిల్లాలో, మదరాసు ప్రెసిడెన్సీలో ఉండేది. అందుకే మా ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బుధవారం చాటికోన సంతలో కువి. భాషా శాస్త్రవేత్తలు కువినీ కుయినీ తెలుగుకు దగ్గరి చుట్టాలంటారు. మా పిల్లల పాట్రోల్‌లో, అంటే ఆరు నుంచి ఎనిమిది మంది జట్టులో, మూడు భాషలూ ఉంటాయి. లీడరుగా ఎవరు బాగుంటారని అడిగితే నేను చెప్పేది ఒకటే, మూడు భాషల్లోనూ ప్రశ్న వెయ్యగలిగిన పిల్లే.

జులైలో వనమహోత్సవం. 1950 నుంచి దేశమంతా చేస్తున్నదే. ఒక ఏడు మాకు ఒక నర్సరీవాళ్లు ఇచ్చిన మొక్కలు తీసుకుని కొండవాలు మీద వరసగా గుంతలు తవ్వి, నాటి, పాట పాడి వచ్చాం. మరుసటి జులైకి వెళ్తే గుంతలున్నాయి, మొక్కల్లేవు. అక్కడ ఒక కోంధు అవ్వ రాగిచేనులో కలుపు తీస్తోంది. మేకలు దిగే దారిలోనే నాటారని చెప్పింది. పైగా ఆ మొక్కలు దేనికీ పనికిరావట, కాయ లేదు, నీడ లేదు, ఆకు మేకకు తప్ప ఎవరికీ అక్కర్లేదు. ఏ మొక్కలు కావాలని అప్పుడడిగాను. పనస, చింత, ఇప్ప అంది. జీలుగు మొక్క తెస్తే ఇంకా మంచిదంది. దాని కల్లు ఇక్కడ పండక్కీ పెళ్లికీ ఉండాల్సిందే.

అప్పటినుంచి మా వానాకాలం పని మే నెలలోనే మొదలవుతోంది. చేతిలో మొక్క లేకుండా ఊరికి వెళ్లి కూర్చుంటాం. మేకలు ఏ దారిన పోతాయి, వేసవిలో నీళ్లు ఎవరు పోస్తారు, ఎవరి పెరడు. నాటేవి తక్కువయ్యాయి, బతికేవి పెరిగాయి. వరసలు కట్టి నాటిన ఫొటోలు ఇప్పుడు మా దగ్గర లేవు. చెట్టు ఇంటింటికీ ఒకటీ రెండూ చొప్పున చెల్లాచెదురుగా ఉంది కదా, ఫొటోలో పట్టదు.

వానలతో వచ్చే అసలు భయం వేరు. 2007లో కొరాపుట్, రాయగడ, కలహండి జిల్లాల్లో కలరా వచ్చింది. ఆ ఏడు ఊళ్లు ఎలా ఉన్నాయో చూసినవాళ్లెవరూ అతిసారాన్ని చిన్న జబ్బు అనరు. అందుకే జూన్‌లో మొదటి వానకు ముందు ప్రతి పిల్లా తన చేత్తో ఉప్పు పంచదార నీళ్లు కలిపి చూపించాలి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లు, ఆరు టీ చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా. కలిపాక రుచి చూడాలి. కన్నీళ్లకంటే ఉప్పగా ఉంటే పారబోసి మళ్లీ మొదలు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో, బనగావ్‌లో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి ద్రావణాన్నే డ్రమ్ముల్లో కలిపించి తాగించారు. రోగి పక్కన కూర్చున్న బంధువుల చేతే పట్టించారు. ఈ కథ చెప్పకుండా నేను చెంచా పట్టుకోను. నోటితో తాగించే నీళ్లు ప్రాణం నిలబెట్టగలవని పిల్లలు నమ్మితేనే కొలత సరిగ్గా పెడతారు.

అయితే చాలా ఇళ్లలో టీ చెంచా ఉండదు. బంగ్లాదేశ్‌లో బ్రాక్ సంస్థవాళ్లు ఇంటింటికీ తిరిగి నేర్పింది మూడువేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు. ఇక్కడే మా పిల్లలు ఒక సంగతి పట్టుకున్నారు. పదకొండేళ్ల పిల్ల గుప్పెడూ తల్లి గుప్పెడూ ఒకటి కాదు. తాను కలిపి చూపించి వచ్చేస్తే ఆ తల్లి రేపు తన గుప్పెటితో కలిపినప్పుడు కొలత మారిపోతుంది. కాబట్టి మా పిల్లలు తల్లి చేతే కలిపిస్తారు, తాము పక్కన కూర్చుని రుచి మాత్రం చూస్తారు. ఆరోగ్య కార్యకర్త ఆశా దీదీ ఇచ్చే ఓఆర్‌ఎస్ పొట్లాలు ఇంట్లో ఉన్నాయా, ఎక్కడ పెట్టారు అనీ అడుగుతారు. పొట్లం ఉంటే అదే ముందు. జబ్బు ముదిరితే ఆసుపత్రే. ఆ రెండు మాటలూ చెప్పకుండా ఇల్లు దాటరు.

చలికాలం నాకు సంతోషం. రాయగడ నుంచి కొరాపుట్‌కు రైలెక్కుతాం. సొరంగాలు లెక్కపెట్టడం ఆనవాయితీ, ప్రతి జట్టూ వేరే లెక్క చెబుతుంది. నవంబరు దాటితే కొరాపుట్‌లో తెల్లారి ఊపిరి కూడా పొగలా కనిపిస్తుంది. శబర శ్రీక్షేత్రం గుడి మెట్లు మంచులో సగం మాయమై ఉంటాయి. అక్కడ మూడు రోజుల శిబిరం. ముడులన్నీ అప్పుడే. రెండు తాళ్లు కలిపేందుకు రీఫ్ ముడి, గుంజకు కట్టేందుకు క్లోవ్ హిచ్, మనిషిని పైకి లాగేందుకు బౌలైన్. బౌలైన్ ఎంత లాగినా బిగుసుకోదు, నడుముకు కట్టినా ఊపిరాడుతుంది. చూపించడానికి ఒక నిమిషం, చీకట్లో చలికి వేళ్లు కొంకర్లు పోయినప్పుడు కట్టగలగడానికి ఒక శీతాకాలం.

రెండు కర్రలు, రెండు చొక్కాలతో స్ట్రెచర్ కట్టడం ఒకప్పుడు ఆటలా నేర్పేదాన్ని, ఏ జట్టు ముందు కడుతుందో అని పందెం పెట్టి. 2017 జనవరి 21 రాత్రి మాకు దగ్గర్లోనే, కూనేరు స్టేషన్ వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి 40 మందికి పైగా పోయారు. తర్వాత పందెం మానేశాను. ఇప్పుడు స్ట్రెచర్ కట్టాక ఒక పిల్లని దాని మీద పడుకోబెట్టి, మోసేవాళ్లు ఆమెతో మాట్లాడాలి. ఎక్కడ నొప్పి, ఎత్తమంటావా, తల కిందుగా ఉందా. పడుకున్న పిల్ల సరేనన్నాకే భుజానికెత్తాలి. పెద్దవాళ్లు ఇదంతా ఆలస్యం కాదా అంటారు. స్పృహలో ఉన్న మనిషికి అడిగే నాలుగు సెకన్లు ఎంత ధైర్యమో పడుకుని చూసిన పిల్లలకు తెలుసు.

ఫిబ్రవరి 22 బేడెన్ పావెల్ పుట్టినరోజు. ఆ రోజు పిల్లలకు నేను ఆయన యుద్ధాల సంగతి చెప్పను. అడవిలో దారి చూపే స్కౌట్ గుర్తుల్లో ఒకటుంది, వలయం మధ్యలో ఒక చుక్క. 'నేను ఇంటికి వెళ్లిపోయాను' అని అర్థం. కెన్యాలో న్యేరి ఊళ్లో ఆయన సమాధి మీద చెక్కింది ఆ గుర్తే. పిల్లలు దాన్ని మట్టిలో గీసి చూసుకుంటారు. ఆ తర్వాత చైత్రం, మజ్జిగౌరమ్మ జాతర. తప్పిపోయిన పిల్లల్ని వాళ్లమ్మల దగ్గరికి చేర్చే పని మాది. ఏడుస్తున్న పిల్లని ముందు ఏ భాషలో పేరు అడగాలన్నదే అక్కడి విద్య. ఆ జాతర అయిందంటే నీళ్ల కుండలు కొనే రోజులొచ్చినట్టే.

ఈ వారం మళ్లీ ప్లాట్‌ఫారం మీద ఉన్నాం. బండి వెళ్లిపోయాక మా వాళ్లు వంగి వెతుక్కునేది మూతల్ని. ఈల పడ్డప్పుడు తడబడి, సీసా ఇచ్చేసి మూత చేతిలోనే మిగిలిపోతుంది. మూత లేని సీసా కిక్కిరిసిన పెట్టెలో ఎంతసేపు నిలుస్తుంది? అందుకని మిగిలిన మూతల్ని లెక్కపెట్టి పుస్తకంలో రాస్తాం. మొన్న శనివారం తొమ్మిది. ఆదివారం నాలుగు. ఆ మూతలన్నీ కడిగి ఒక బిస్కట్ డబ్బాలో వేసి ఉంచుతాం.

నిన్న తోక వైపు పెట్టెలో ఒకామె సీసా చాచింది. మూతకు బదులు గుడ్డపీలిక కుక్కి ఉంది. మా చిన్నది, ఈ ఏడే చేరింది, "మావుసీ, పాణి దరకార్ కి?" అంది. ఆమె తలూపింది. లోపల ఏముందని కూడా అడిగింది, ఏమీ లేదంది ఆమె. నీళ్లు పట్టారు. ఈల వెయ్యడానికి నేను చెయ్యి ఎత్తుతుంటే చిన్నది మూతల డబ్బా తెరిచి కిటికీ దగ్గరికి ఎత్తి పట్టుకుంది. ఆమె ఊచల్లోంచి వేళ్లు పెట్టి, ఒకటి బిగించి చూసి, వదులైందని వేసేసి, ఇంకోటి తీసుకుంది.