ఒకే సమాధులు, రెండు శిథిలాలు

పాత కట్టడం, చుట్టూ చెట్లు, పైన మబ్బులు. ఇలాంటి బొమ్మ కనబడగానే ‘అన్నీ పోయేవే, ప్రకృతే మిగిలేది’ అనేస్తాం. అక్కడితో ఆగితే బొమ్మను చూడనట్టే. నేను ముందుగా వెతికేది అర్థాన్ని కాదు. చిత్రకారుడు కళ్లారా చూసింది ఏది, ఎక్కడి నుంచో తెచ్చి కలిపింది ఏది అని.

నాకు ఇలా చూడటం నేర్పింది డచ్ చిత్రకారుడు యాకోబ్ వాన్ రౌస్డాల్. 1650లలో ఆయన వేసిన ‘యూదుల శ్మశానం’లో కూలిన కట్టడం, ఎండిపోయిన చెట్టు, ఉరికే వాగు, కారుమబ్బుల్లో హరివిల్లు ఉంటాయి. వాటి నడుమ, వెలుగు పడిన సమాధులు. ఆ సమాధులు నిజమైనవి. ఆమ్‌స్టర్‌డామ్ దగ్గరి ఔడర్‌కెర్క్‌లో పోర్చుగీసు యూదులు 1614లో ఏర్పరచుకున్న శ్మశానంలో ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో ఒకటి ఫ్రాన్స్ రాణి మేరీ డి మెడిచికి వైద్యం చేసిన ఎలియా మోంటాల్టోది. రౌస్డాల్ ఆ శ్మశానాన్ని గీసిన రేఖాచిత్రాలు కూడా హార్లెంలోని టైలర్స్ మ్యూజియంలో ఉన్నాయి. అయితే ఔడర్‌కెర్క్ చదును నేల. అక్కడ గుట్టా లేదు, ఉరికే వాగూ లేదు, ఆ శిథిలమూ లేదు.

ఈ బొమ్మను ఆయన రెండుసార్లు వేశాడు. ఒకటి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది, ఇంకా పెద్దది అమెరికాలోని డెట్రాయిట్‌లో. సమాధులు రెండింట్లోనూ అవే. శిథిలం మాత్రం వేరు! డెట్రాయిట్ బొమ్మలోని శిథిలానికి ఆధారం ఎగ్మండ్ మఠం; అది స్పెయిన్‌పై డచ్చివాళ్ల తిరుగుబాటు కాలంలో, 1573లో, ధ్వంసమైంది.

డ్రెస్డెన్ బొమ్మతో సహా రౌస్డాల్ బొమ్మల మీద జర్మన్ మహాకవి గెథే 1816లో వ్యాసం రాశాడు, ఆయన్ను కవిగా భావించి. ఆ తర్వాత వ్యాఖ్యానాలు ఎన్నో వచ్చాయి. ఎండుచెట్టు చావు, హరివిల్లు ఆశ అని పట్టిక వేసినట్టు చెప్పడం తప్పని అనను, కానీ చాలదు. నన్ను పట్టుకున్నది రెండు బొమ్మల మధ్య శిథిలంలో వచ్చిన ఆ మార్పు. గోడలను మార్చడానికి రౌస్డాల్ చెయ్యి వెనకాడలేదు, సమాధులను మాత్రం కదిలించలేదు. ఎంతో బలమున్న మఠం వెనక్కి, చీకట్లోకి జరిగింది. మతం కోసం వేధింపులు పడి, దేశం విడిచి వచ్చిన ఆ యూదుల సమాధుల మీద వెలుగు నిలిచింది. ఆయన ఉద్దేశం ఇదేనని సాక్ష్యం చూపలేను. అయినా బొమ్మలో కంటికి కనబడేదాన్ని బట్టే ఈ మాట అంటున్నాను.

రెండు బొమ్మలూ ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి, వ్యాఖ్యానాలు చదవకముందే ఒకసారి చూడండి.