గిరీశం బొంకులు: వ్యాధి నిర్ణయానికి అందని పాత్ర

అబద్ధాల ప్రస్తావన వస్తే తెలుగు పాఠకుడికి మొదట తట్టే పేరు గిరీశం. ‘కన్యాశుల్కం’ నాటకం నుంచి జారి ఆ పేరు వాడుకలోకి వచ్చి దాదాపు జాతివాచకమైంది. మాటకారి మోసగాడిని, అవసరం ఉన్నా లేకున్నా కల్లలాడేవాడిని మనం ఒకే పేరుతో పిలుస్తున్నాం. ఈ రెండో కోవకు చెందినవారిలో కొందరు మానసిక రుగ్మతతో బాధపడుతున్నవారు కావచ్చు. కాబట్టి గిరీశాన్ని అలవాటుపడిన అబద్ధాలకోరుగా, మనోవ్యాధిగ్రస్తుడిగా చదవవచ్చునా అన్న ప్రశ్న పాత్ర విశ్లేషణతో ముగిసిపోయేది కాదు.

ఇక్కడ కాలసామ్యం ఒకటి విమర్శకుణ్ణి ఊరిస్తుంది. వ్యసనంగా మారిన అబద్ధాన్ని జర్మన్ మనోవైద్యుడు అంటోన్ డెల్‌బ్రూక్ ‘సూడాలజియా ఫెంటాస్టికా’ అన్న పేరుతో వర్ణించింది 1891లో. ‘కన్యాశుల్కం’ విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది 1892లో, 1897లో అచ్చయింది, మనం ఈనాడు చదువుతున్న విస్తృత రూపం 1909 నాటిది. ఈ నడుమ, 1905లో, ఫ్రాన్సులో ఎర్నెస్ట్ డ్యుప్రే ‘మిథోమానియా’ అన్న మాటను ప్రచారంలోకి తెచ్చాడు. గురజాడకు ఈ గ్రంథాలతో పరిచయం ఉందనడానికి ఈ తేదీలు ఆధారం కావు. అయితే అబద్ధమాడే మనిషిని పాపిగా కాక ఒక స్వభావంగా పరిశీలించే చూపు ఆ దశాబ్దాల్లో వైద్యంలోనూ నాటకంలోనూ కనబడుతోందన్నంత వరకు చెప్పవచ్చు.

1915లో విలియం హీలీ, మేరీ హీలీ రాసిన గ్రంథం ఈ విషయంలో నేటికీ ఉపయోగపడే గీటురాయి. కనిపించే ప్రయోజనానికి ఏమాత్రం పొంతన లేకుండా, విస్తారంగా, ఏళ్ల తరబడి సాగే కల్లలనే వారు రోగలక్షణంగా లెక్కించారు. 2013 నాటి అమెరికన్ మనోవైద్య సూచిక డిఎస్ఎమ్-5 దీనికి విడి వ్యాధిగా చోటివ్వలేదు. పదే పదే అబద్ధమాడటం అందులో సంఘవ్యతిరేక వ్యక్తిత్వ రుగ్మత లక్షణాల్లో ఒకటి. లేని జబ్బును ఉన్నట్టు నటించే ఫ్యాక్టిషియస్ డిజార్డర్‌లో వంచనే ప్రధానం. కోర్సకాఫ్ సిండ్రోమ్‌లో జ్ఞాపకాల ఖాళీలను రోగి కల్పనతో పూరిస్తాడు; అతడికి మోసగించే ఉద్దేశం లేదు, తాను చెప్పేది నిజమనే అతని నమ్మకం. దీన్ని అబద్ధమనడమే సరికాదు. విడి వ్యాధిగా గుర్తించాలని 2020లో వాదించిన డ్రూ కర్టిస్, క్రిస్టియన్ హార్ట్‌లు ప్రయోజనరాహిత్యంతో పాటు, ఆ అలవాటు వల్ల ఆ వ్యక్తే పడే వేదనను, అతని జీవన వ్యవహారాలకు తగిలే దెబ్బను ముఖ్యంగా ఎత్తిచూపారు.

ఈ గీటురాళ్ల మీద గిరీశం నిలవడు. నాటకం ఆరంభమయ్యే చోటే బొంకులదిబ్బ. ఆ పేరు విజయనగరంలో నిజంగా ఉన్నదే అయినా, గురజాడ దాన్ని యథాలాపంగా ఎంచుకున్నాడనుకోలేం. అక్కడ ఒంటరిగా నిలబడి గిరీశం చెప్పుకొనేది ఏమిటి? సామాను కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర పుచ్చుకున్న ఇరవై రూపాయలు మధురవాణికి ఖర్చుపెట్టిన సంగతి. అంటే లోకానికి బొంకే మనిషి తనకు తాను లెక్క సరిగ్గానే అప్పజెప్పుకుంటున్నాడు. స్వగతం పాత్ర అంతరంగాన్ని విప్పే నాటక సంప్రదాయమన్నది నిజమే. కానీ సంప్రదాయాన్ని రచయిత ఏ పాత్రకు ఎలా వాడాడన్నది విమర్శకు విషయమే. తన కల్పనలో తానే చిక్కుకొన్నవాడి స్వగతం ఇంత స్పష్టంగా ఉండదు. ఊళ్లో ఉండలేని స్థితి, శిష్యుడు వెంకటేశం వెంట అగ్రహారానికి వెళితే దొరికే భోజన వసతి, ఆ ఇంట ఉన్న వితంతువు బుచ్చమ్మ: గిరీశం ఇవన్నీ బేరీజు వేసుకొనే కదులుతాడు. కథ ముగింపులో, వేషం బయటపడ్డప్పుడు, అతని నోట చివరగా వచ్చేది ఇంకో కట్టుకథ కాదు. లెక్క తప్పినందుకు కలిగిన విసుగు. ఆపుకోలేక అబద్ధమాడేవాడికి ఆ క్షణాన ఆపడం సాధ్యమయ్యేది కాదు.

ఈ వాదానికి అడ్డుపడే ఒక అంశం ఉంది, దాన్ని దాటవేయరాదు. గిరీశం మాటల్లో ప్రయోజనానికి మించిన మిగులు ఉంటుంది. వెంకటేశం వంటి కుర్రవాడి నుంచి రాబట్టుకోవలసినదానికి అంత ప్రసంగం అక్కరలేదు. తెలుగులో దీనికి వేరే మాట ఉండనే ఉంది: కోత. బొంకు వినేవాణ్ణి ముంచుతుంది. కోతలో వినేవాడికి సగం తెలుసు, సగం వినోదం. కోతలరాయుణ్ణి మన సమాజం ఎన్నడూ రోగిగా చూడలేదు, నేరస్థుడిగానూ చూడలేదు. గిరీశం చేసేదల్లా కోతను బొంకుకు పెట్టుబడిగా మార్చడం. అగ్నిహోత్రావధాన్ల ముందు గురుశిష్యులు ఇంగ్లీషులో సంభాషిస్తున్నట్టు పిల్లల పద్యాన్నీ పొంతనలేని మాటలనూ వల్లించే ఘట్టం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ నవ్వు పుట్టించే కోతే కొడుకు చదువు విషయంలో తండ్రిని మభ్యపెట్టే బొంకు కూడా. ఆ కొత్త భాష మీద శ్రోతకున్న భయభక్తులే దాన్ని నమ్మించాయి. ఇది గిరీశం మనోవైకల్యం కన్నా వలసకాలపు విద్య సామాజిక విలువను గురించి ఎక్కువ చెబుతుంది.

పైగా ఈ నాటకంలో బొంకు ఒక్కడి సొత్తు కాదు. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్ల బారి నుంచి తప్పించడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికే ఆడవేషం వేసి పెళ్లికూతుర్ని చేస్తాడు. రామప్పపంతులు బతుకుతెరువే దొంగసాక్ష్యం. మధురవాణి మారువేషంలో సౌజన్యారావు పంతులును కలుస్తుంది. భాగవతం అష్టమస్కంధంలో శుక్రాచార్యుడు బలికి బొంకదగిన సందర్భాలను చెబుతూ వివాహాలను, ప్రాణ విత్త మానాల రక్షణను ఎంచుతాడు. కరటకశాస్త్రి నాటకం అచ్చంగా ఆ జాబితాలోకి వస్తుంది. (బలి ఆ వెసులుబాటును కాదన్నాడన్నది మరచిపోకూడదు.) మన సంప్రదాయం అబద్ధాన్ని ‘ఎందుకు’ అన్న ప్రశ్నతో తూచింది. మనోవైద్యం ఆ ప్రశ్నకు జవాబు దొరకని చోట మొదలవుతుంది. ‘కన్యాశుల్కం’లోని ప్రతి బొంకుకూ జవాబు దొరుకుతుంది.

ప్రయోజనం లేని అసత్యాన్ని తెలుగు కల్పనా సాహిత్యంలో వెదకదలిస్తే గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ వైపు చూడాలి. సీతారామారావు ఇతరులను మోసగించడు. తన ప్రతి పతనానికీ తనకే ఒక సమర్థన చెప్పుకొంటాడు, దానివల్ల అతడికి ఒనగూడేదేమీ లేదు, పైగా ఆ సమర్థనలే అతణ్ణి తినేస్తాయి. అతణ్ణి కూడా ఒక రోగనామానికి కుదించనక్కరలేదు గాని, వేదన, జీవనధ్వంసం అన్న రెండు గుర్తులూ అక్కడ ఉన్నాయి. గిరీశంలో ఆ రెండూ లేవు. అతణ్ణి రోగి అంటే బుచ్చమ్మకు చేసిన వంచనకు బాధ్యత తేలికవుతుంది. నిజమైన రోగిని గిరీశం అంటే వైద్యం అందవలసిన మనిషి ఎగతాళి పాలవుతాడు. సాహిత్య విమర్శ ఈ రెండు పొరపాట్లకూ మాట సాయం చేయరాదు.

‘కన్యాశుల్కం’లో మానసిక వ్యథ లేదని దీని అర్థం కాదు. మనం దాన్ని వెదికిన చోటు వేరు. మారువేషపు పెళ్లికూతురు మాయమయ్యాక లుబ్ధావధాన్లు పీడకలలతో వణికిపోతాడు. ఆ పిల్లకు ముందే పెళ్లయి మొగుడు చచ్చాడన్న కట్టుకథ అతని బుర్రలో దెయ్యమై కూర్చుంటుంది. ఆపైన హత్యానేరం మెడకు చుట్టుకొంటుంది. అతడు పిసినారి, పసిపిల్లను పెళ్లాడబోయినవాడు, కనుక ప్రేక్షకుడు జాలిపడడు. గురజాడ కూడా పడమని అడగలేదు. కానీ నాటకంలో నిద్ర కోల్పోయినవాడు బొంకినవాడు కాడు, బొంకు నమ్మినవాడు. అతని భయాన్ని కుదర్చడానికి వచ్చిన పూజారి గవరయ్య దెయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. అదీ ఒక బొంకే, దానికీ ప్రయోజనం ఉంది.